ఇత్తడి గొట్టానికి రాసే జిడ్డు

ఇత్తడి స్టీలులో ఇరుక్కునేటప్పుడు ఒక చప్పుడు వస్తుంది. గొంతులో ఏదో అడ్డుపడిన మనిషి మూలిగినట్టు ఉంటుంది. ఆ తర్వాత ప్రెస్ హ్యాండిల్ పైకీ రాదు, కిందికీ పోదు. నా సగం జీవితం ప్రెస్సుల మీదా, డైల మీదా గడిచింది కాబట్టి ఆ చప్పుడు నాకు కొత్త కాదు. ఫ్యాక్టరీలో అది వినబడితే విసుక్కునేవాణ్ని. రైఫిల్ క్లబ్బులో మొదటిసారి విన్నప్పుడు మాత్రం వీపు మీద చెమట పట్టింది.

క్లబ్బు ఇబ్రహీంపట్నం దాటాక, గుట్టల మధ్య ఉండేది. పక్కనే రాళ్లు పిండి చేసే క్రషర్లు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వాటి రొద, వాటి దుమ్ము. నేను పనిచేసిన ఫ్యాక్టరీ మూతపడ్డాక, తెలిసినవాళ్లు చెబితే అక్కడ చేరాను. తుర్కయాంజాల్‌లో మా ఇల్లు. పొద్దున్నే షేర్ ఆటో ఎక్కితే మన్నెగూడ మీదుగా ఇబ్రహీంపట్నం, అక్కడినుంచి క్లబ్బు వ్యాను. మా సొంతూరు కృష్ణా జిల్లాలో. ఇక్కడికి వచ్చి ఎన్నేళ్లయినా నా యాస విని క్లబ్బులో వాళ్లు నవ్వుకునేవారు.

నా పని పేలిన తూటాలను మళ్లీ తయారు చేయడం. తూటా పేలాక గుండు వెళ్లిపోతుంది, లోపలి మందు కాలిపోతుంది, ఇత్తడి గొట్టం ఒక్కటే మిగులుతుంది. విదేశాల నుంచి వచ్చే తూటాలు అనుకున్న సమయానికి దొరికేవి కావు. అందుకని ఆ గొట్టాలనే మళ్లీ వాడుకోవడానికి క్లబ్బు అనుమతి తెచ్చుకుంది. పేలినప్పుడు ఇత్తడి ఉబ్బుతుంది. దాన్ని స్టీలు డైలోకి, అంటే సరైన కొలతకు తొలిచిన అచ్చులోకి నొక్కి, పాత కొలతకు తీసుకురావాలి. నొక్కే ముందు పైన జిడ్డు పట్టించాలి. జిడ్డు తక్కువైతే గొట్టం డైలో ఇరుక్కుంటుంది. ఎక్కువైతే ఆ జిడ్డుకు పోయే దారి లేక ఇత్తడి మెడ దగ్గర సొట్టలు పడతాయి. పని అయ్యాక దాన్ని పూర్తిగా కడిగేయాలి. ఏ మూలనైనా మిగిలితే తర్వాత పోసే మందును పాడు చేస్తుంది.

చెప్పుకోవడానికి ఇంతే. కానీ ఆ గొట్టం వెళ్లి కూర్చునేది ఒక మనిషి చెంపకు జానెడు దూరంలో. ఆ సంగతి నేను ఒక్క క్షణం కూడా మరచిపోలేకపోయేవాణ్ని.

ఆ మనిషి ఎవరో కూడా నాకు తెలుసు. మా రేంజిలో పెద్ద రైఫిల్‌తో గురి కొట్టేవాళ్లు కొద్దిమందే. అందులో అందరికంటే బాగా కొట్టేది ఇబ్రహీంపట్నం అమ్మాయి. ఒక సర్కారు బడిలో పిల్లలకు ఆటలు నేర్పే టీచరు. వాళ్ల నాన్న పెద్దచెరువులో చేపలు పడతాడు. కాలేజీలో క్యాడెట్‌గా ఉన్నప్పుడు రైఫిల్ పట్టుకుంది, ఇక వదల్లేదు. కాన్పు కోసం కొన్నాళ్లు రాకుండా ఉండి, పాపను తన తల్లి దగ్గర వదిలి మళ్లీ రావడం మొదలుపెట్టింది. నన్ను అన్న అనేది. నా కంటే చాలా చిన్నది, నేను అమ్మా అనేవాణ్ని.

మొదటి గొట్టం ఇరుక్కున్నప్పుడు ఆమె గదిలోనే ఉంది.

మేము జిడ్డుగా వాడే మైనం విదేశీది. చిన్న డబ్బాలో వచ్చేది, వేలి కొసతో కాస్త తీసి రుద్దితే చాలు. ఆ డబ్బా అయిపోవచ్చింది. కొత్తది తెప్పించమని చాలాసార్లు చెప్పాను, రాలేదు. అడుగున మిగిలినదాన్ని గీకి గీకి వాడుతున్నాను. ఆ రోజు హ్యాండిల్ కిందికి నొక్కాను. సగంలో ఆ మూలుగు. అంతే, బిగుసుకుపోయింది.

"ఏమైంది అన్న? గట్ల నిలబడ్డవ్?"

"ఇరుక్కుందమ్మా."

"తియ్యరాదు మరి?"

"తీస్తాను. డై పాడవకుండా వస్తే అదృష్టమే."

గొట్టం అడుగున రంధ్రం వేసి, మర తిప్పి, బోల్టు బిగించి లాగాను. వచ్చేసరికి చొక్కా తడిసిపోయింది. బయటికి వచ్చిన ఇత్తడిని ఆమె చేతిలోకి తీసుకుని చూసింది. ఒక పక్కన గోరుతో రక్కినట్టు గీతలు పడ్డాయి.

"గిది మళ్ల పనికొస్తదా?"

"ఆ చెత్తడబ్బాలో వెయ్యమ్మా."

ఆ వారమంతా వేరే జిడ్డు కోసం వెతికాను. ముందు ఆముదం పట్టించాను. నాకు ఆముదం మీద నమ్మకం ఎక్కువ, ఫ్యాక్టరీలో ఇత్తడి రేకులు సాగదీసేటప్పుడు వాడేవాళ్లం. ఇక్కడ నా అంచనా తప్పింది. చిక్కగా పేరుకుని, గొట్టాల మెడ మీద వరసగా సొట్టలు పెట్టింది. పలచగా రాస్తే ఇరుక్కుంటుందేమోనని చేయి రాక, మందంగా రాసి పాడు చేశాను. తర్వాత సబ్బు నీళ్లు. ఆరితే పట్టు లేదు, ఆరకపోతే జారి కిందికి వచ్చేసింది. వాసెలిన్ రాస్తే కొన్ని బాగా వచ్చాయి, ఒకటి మళ్లీ మూలిగింది. ఆ మూలుగు వినగానే హ్యాండిల్ వదిలేసి వెనక్కి జరిగాను. ఖాళీ గొట్టమే, పేలేదేమీ లేదు. అయినా జరిగాను.

మా క్లబ్బు కార్యదర్శి స్థలాల వ్యాపారం చేసేవాడు. తుపాకీ అంటే ప్రేమ, క్లబ్బు కోసం ఎంతో తిరిగాడు. మంచి మనిషే, కాకపోతే ఏ పనైనా చెప్పగానే అయిపోవాలి. నా తిప్పలు చూసి ఒకరోజు మన్నెగూడ హార్డ్‌వేర్ షాపులో కొన్న స్ప్రే డబ్బా తెచ్చాడు. బిగుసుకుపోయిన నట్లకు, తుప్పు పట్టిన తాళాలకు కొట్టేది.

"గిది కొట్టు. మస్తు నున్నగుంటది. ఒక్కటి గూడ ఇరుకది."

"వద్దు సార్. ఇది పాకుతుంది. ఎంత సన్నటి సందులోకైనా దూరడానికే దీన్ని చేశారు. గొట్టం లోపలికి పోయిందంటే మందు తడుస్తుంది, ప్రైమర్ చచ్చిపోతుంది."

ప్రైమర్ అంటే తూటా అడుగున ఉండే చిన్న టోపీ. రైఫిల్ సూది దాన్ని కొట్టగానే నిప్పు పుట్టి మందు అంటుకుంటుంది.

"తుడుస్తే పోతది గద."

"పైన ఉన్నది పోతుంది. లోపల ఉన్నదాన్ని తుడవలేం. కడగాలి, బాగా ఎండబెట్టాలి."

"సరే తియ్యి, ఫికర్ జెయ్యకు. ఆ మైనం గూడ తెప్పిస్త."

డబ్బాను బల్ల మీద పెట్టి వెళ్లాడు. నేను దాన్ని తీసి అరలో వెనక్కి నెట్టాను.

ఆ తర్వాత మా ఆవిడకు కంటి ఆపరేషను. నేను సెలవు పెట్టి ఇంట్లో ఉండిపోయాను. చుక్కలు వేయడం, వంట చేయడం, నల్ల కళ్లద్దాలతో ఆమె విసుక్కుంటుంటే కబుర్లు చెప్పడం. ఆ కొద్ది రోజులూ క్లబ్బు గురించి ఆలోచించలేదు. నా మనసు ఎన్నాళ్లకో తేలికపడింది.

తిరిగి వెళ్లిన రోజు నా గది తలుపు తీయగానే వాసన తెలిసింది. కిరసనాయిలు లాంటి, కాస్త తియ్యటి వాసన. బల్ల అంచున స్ప్రే డబ్బా, మూత తీసి ఉంది. పక్కన పళ్లెంలో డైలో నొక్కిన గొట్టాలు, నిగనిగలాడుతూ. ఒక్కదాని మీద గీత లేదు, సొట్ట లేదు. ఒక గొట్టం తీసుకుని బయట వేలితో రాశాను. పొడిగానే ఉంది, గుడ్డతో తుడిచినట్టున్నారు. లోపల దూది పుల్ల పెట్టి తిప్పి తీశాను. దూది తడిసింది.

ఇవి ఇంకా మందు పోయనివి. పోసినవి ఎక్కడున్నాయా అని చూశాను. తయారైన తూటాలు పెట్టే అరలో ఒక పెట్టె లేదు.

అప్పుడే రేంజి వైపు నుంచి కాల్పులు వినబడ్డాయి.

గది నుంచి రేంజికి చిన్న వాలు దారి. రేంజిలో పరుగెత్తకూడదని మొదటి రోజే చెబుతారు. నేను పరుగెత్తలేదు, కానీ ఎలా నడిచానో నాకు గుర్తు లేదు. క్రషర్ల రొద, దాని మధ్య తుపాకీ మోతలు. మోత వినబడినప్పుడల్లా హమ్మయ్య అనుకునేవాణ్ని. మోత వచ్చిందంటే ఆ తూటా సరిగ్గా పేలిందని. మోతకూ మోతకూ మధ్య ఊపిరి అందేది కాదు.

ఆమె చాప మీద బోర్లా పడుకుని ఉంది. రైఫిల్ భుజానికి ఆనించి, చెంప దాని చెక్క పిడికి తాకించి. చెవుల్లో బిరడాలు, పైన పెద్ద చెవి కప్పులు. అటు పక్క ఇద్దరు మగవాళ్లు కొడుతున్నారు. వెనక కుర్చీలో రేంజి చూసుకునే పెద్దాయన, మాజీ సైనికుడు, దుర్భిణి కళ్లకు పెట్టుకుని దూరంగా ఉన్న గురి అట్టలను చూస్తున్నాడు. ఆమె మోచేతి దగ్గర తెరిచిన పెట్టె. అదే పెట్టె.

పెద్దాయన దగ్గరికి పోవాలా, ముందు ఆమె దగ్గరికా అని తేల్చుకునే లోపు ఆమె కొట్టింది. బాగానే పేలింది. మళ్లీ కొట్టింది. అదీ పేలింది. నేనే ఊరికే కంగారు పడుతున్నానేమో అని ఒక్క క్షణం ఆశ పుట్టింది.

మూడోసారి మోత రాలేదు. 'టుప్' మంది. సీసా మూత తీసినట్టు. సరిగ్గా అదే సమయానికి పక్కతను కొట్టాడు. ఆ మోతలో ఈ చప్పుడు ఆమెకు వినబడలేదు. రైఫిల్ తన్నలేదని మాత్రం తెలిసినట్టుంది, భుజం కదిలించింది. తూటా పేలలేదనుకుంది. కాస్త ఆగి, తూటా వెనక మూసి ఉంచే బోల్టును వెనక్కి లాగింది. ఖాళీ గొట్టం ఎగిరి, సిమెంటు మీద దొర్లి, నా చెప్పు దగ్గర ఆగింది.

దాని నోట్లోంచి మందు రాలింది. కాలని మందు. తడిసిన చక్కెర ఉండ కట్టినట్టు, పచ్చగా, ముద్దముద్దగా.

గొట్టంలో గుండు లేదు. మందు కాలలేదు. అంటే అడుగున ప్రైమర్ ఒక్కటే పేలి, గుండును కాస్త ముందుకు నెట్టి వదిలేసింది. గుండు బ్యారెల్లోనే ఎక్కడో ఉంది.

ఆమె వేళ్లు పెట్టెలోంచి ఇంకో తూటా తీశాయి.

"ఆగు! ఆగమ్మా!" అని అరిచాను. ఆమెకు వినబడలేదు. కొడుతున్న మనిషిని ముట్టుకోకూడదు, ఉలిక్కిపడితే వేలు ఎక్కడ పడుతుందో తెలియదు. కానీ ఆమె వేలు ట్రిగ్గర్ మీద లేదు, తూటా పట్టుకుని ఉంది. మోకాళ్ల మీద కూలబడి, చేయి చాచి, రైఫిల్ తెరిచి ఉన్న చోట అరచేయి పరిచాను. ఆమె దింపుతున్న తూటా మొన వచ్చి నా చేతి వెనక గుచ్చుకుంది.

ఆమె విసురుగా తల తిప్పింది. చెవి కప్పు లాగేసింది. "ఏంది అన్న! పిస్స లేచిందా నీకు?"

కింద పడిన ముద్దలను చూపించాను.

ఆమె చూసింది. నా మొహం చూసింది. చేతిలోని తూటాను చాలా మెల్లగా, గుడ్డు పెట్టినట్టు, తిరిగి పెట్టెలో పెట్టింది.

వెనక నుంచి పెద్దాయన కేక వేశాడు. పక్కవాళ్లు ఆపేశారు. ఆయన వచ్చి బోల్టు పూర్తిగా ఊడదీశాడు, బ్యారెల్ మొనలోంచి ఇత్తడి రాడ్డు మెల్లగా లోపలికి తోశాడు. రాడ్డు పోతూ పోతూ ఆగింది. ఆయన మళ్లీ తోశాడు. మెత్తగా తగిలి ఆగింది.

"ఉన్నది లోపల," అన్నాడు.

క్రషర్లు తిరుగుతూనే ఉన్నాయి.

"ఇంకోటి కొట్టి ఉంటే ఏమవుతుండె?" అని అడిగింది ఆమె. పెద్దాయన రాడ్డు బయటికి లాగుతున్నాడు. నన్నే చూస్తూ మళ్లీ అడిగింది. "చెప్పు అన్న, ఏమవుతుండె?"

"ముందున్న గుండు అడ్డుపడి బ్యారెల్ పగిలి ఉండేది."

"నా మొకం గిక్కడనే ఉంటది గద."

ఆమె లేచి, దూరంగా పోయి, గోడ నీడలో కూర్చుని ఫోన్ చేసింది. గాలి ఇటు వీస్తోంది, మాటలు వినబడ్డాయి. "అమ్మా, పిల్ల పాలు తాగిందా? పడుకున్నదా? ఏం లేదే, ఊకెనే చేసిన. లేపకు, పడుకోనియ్యి." ఫోన్ పెట్టేశాక రెండు చేతులతో తన మొహాన్ని తడుముకుంది. ముక్కు, చెంపలు, కళ్లు. అన్నీ ఉన్నాయా అని చూసుకుంటున్నట్టు.

కార్యదర్శికి ఫోన్ పోయింది. ఆయన వచ్చేసరికి మేమంతా నా గదిలో ఉన్నాం. పెట్టెలో మిగిలిన తూటాలు బల్ల మీద ఉన్నాయి. ఆయన ఒకసారి వాటిని, ఒకసారి స్ప్రే డబ్బాను చూశాడు.

"నేనే చేసిన," అన్నాడు. "పోటీలు దగ్గర పడుతున్నయ్, ఆమెకు ప్రాక్టీస్ ఆగిపోవద్దని కూసుండి చేసిన. మంచిగనే తుడిచిన."

"బయట తుడిచినవ్ సార్. లోపల ఎవరు తుడవాలె?" అంది ఆమె. గొంతు పెంచలేదు. అరిచి ఉంటే ఆయనకు కొంత తేలికగా ఉండేదేమో. ఆయన కుర్చీలో కూర్చుని, జేబురుమాలు తీసి, ఏం చేయాలో తెలియక మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

ఆయనా నేనూ కలిసి ఆ తూటాలన్నీ విప్పాం. గుండ్లు లాగి, మందు కాగితం మీద పోసి చూశాం. చాలావాటిలో పొడిగా, గలగలమంటూ రాలింది. కొన్నిట్లో సగం గోడకు అంటుకుని ఉండిపోయింది. బయటినుంచి చూస్తే ఏది మంచిదో ఏది చెడ్డదో ఎవరూ చెప్పలేరు. అన్నీ ఒకే బరువు, ఒకే మెరుపు. నన్ను ఎక్కువగా భయపెట్టింది అదే.

ఆ సాయంత్రం ఇంటికి పోయి అన్నం ముందు కూర్చున్నాను. ముద్ద కలిపాను గానీ నోట్లో పెట్టుకోలేకపోయాను. మా ఆవిడ నల్ల కళ్లద్దాల్లోంచి నన్ను చూస్తూనే ఉంది.

"ఏమైందండీ? ముద్ద అలా పట్టుకుని కూర్చున్నారేంటి?"

అంతవరకు ఆమెకు నేను చెప్పింది, ప్రెస్ మీద పని అని మాత్రమే. ఆ రోజు అంతా చెప్పాను. ఆమె విని, నా కంచం పక్కకు జరిపింది. తర్వాత, "మానేయండి. మనకా పని వద్దు. ఎవరి బిడ్డ మొహమో మన చేతిలో పెట్టుకుని బతకలేం" అంది.

నాకూ అదే సరైనదనిపించింది. మర్నాడు చెప్పేద్దామనే బయల్దేరాను. కానీ షేర్ ఆటోలో కూర్చున్నాక ఇంకో ఆలోచన పట్టుకుంది. నేను మానేస్తే ఆ హ్యాండిల్ దగ్గర ఇంకెవరో నిలబడతారు. ఆమె చెంప మాత్రం అక్కడే ఉంటుంది. ఉంటే ఒక భయం, మానేస్తే ఇంకో భయం. ఇబ్రహీంపట్నం వచ్చేదాకా ఏదీ తేలలేదు.

గదిలోకి పోయేసరికి ఆమె నా స్టూలు మీద కూర్చుని ఉంది. బడికి సెలవు పెట్టినట్టుంది. చేతి సంచిలోంచి చిన్న ట్యూబు తీసి బల్ల మీద పెట్టింది.

"గిది జర సూడు అన్న. పనికొస్తదా?"

"ఏంటమ్మా ఇది?"

"పాలిచ్చే తల్లులు రాసుకునేది. పగులుతయ్ గద, గందుకు. దవాఖానల నర్సమ్మ ఇచ్చింది. గొర్రె బొచ్చుల ఉండే జిడ్డంట. నాకు వేళ్లకు అంటుకుంటే ఎంత కడిగినా ఒక పట్టాన పోదు. రాత్రి పిల్లకు పాలిస్తుంటే యాదికొచ్చింది."

ఆమె ఏమాత్రం సిగ్గుపడలేదు. నేనే తల వంచుకుని, ట్యూబు మీది అక్షరాలు చదువుతున్నట్టు నటించాను. తర్వాత నిజంగానే చదివాను. గొర్రె ఉన్ని కొవ్వు. ఇంకేమీ లేదు. నీళ్లు లేవు, అత్తరు లేదు.

కాస్త తీసి రెండు వేళ్ల మధ్య రుద్దాను. బంకలా సాగింది. వేళ్లు గట్టిగా ఒత్తినా మధ్యలో పలచటి పొర నిలిచింది. పక్కకు పాకలేదు, కారలేదు. పెట్టిన చోటే ఉంది.

"అమ్మా, నేను ఈ పని మానేద్దామనుకుంటున్నాను," అన్నాను.

"తెలుసు. నిన్న నీ మొకం చూసినప్పుడే తెల్సింది." ఆమె ట్యూబును నా వైపు జరిపింది. "నువ్ మానేస్తే నేను గూడ మానేస్త. వేరేటోళ్లు చేసింది నేను కొట్ట. నిన్న నువ్ చెయ్యి అడ్డం పెట్టకపోతే నేను ఏడుండేదాన్ని?"

"నాకు భయంగా ఉందమ్మా."

"నాకు లేదా? గందుకే నువ్ చెయ్యాలంటున్న. భయం లేనోడు చేస్తే ఏమైందో చూసినం గద."

నేను పాత గొట్టం ఒకటి తీసుకున్నాను. బియ్యపు గింజంత జిడ్డు వేలి మీద తీసి, గొట్టమంతా ఒకసారి తిప్పి, చేతికి తగిలీ తగలనట్టు రాశాను. ప్రెస్‌లో పెట్టాను. హ్యాండిల్ పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడ్డాను. చివరికి నొక్కాను. వెన్నలోకి కత్తి దిగినట్టు దిగింది, అంతే మెత్తగా పైకి వచ్చింది. మూలుగు లేదు. మెడ దగ్గర సొట్ట లేదు. కొలిచి చూశాను, సరిపోయింది.

తర్వాతి రోజుల్లో ఆ జిడ్డును స్పిరిట్‌లో కరిగించి, గుడ్డకు పట్టించి రాయడం అలవాటు చేసుకున్నాను. అప్పుడు ఇంకా పలచగా, అన్నిటికీ సమానంగా అంటేది. నొక్కిన తర్వాత వేడి సబ్బు నీళ్లలో కడిగి, మళ్లీ మంచి నీళ్లలో కడిగి, డాబా మీద ఎండలో పరిచేవాణ్ని. ఎండినవాటిలో ఒక్కొక్కదానిలో దూది పుల్ల తిప్పి, వెలుతురులో పెట్టి చూసేవాణ్ని. దూది తెల్లగా వచ్చినా నమ్మకం కుదిరేది కాదు, ఇంకోసారి తిప్పేవాణ్ని. స్ప్రే డబ్బాను కార్యదర్శే స్వయంగా తీసుకుపోయాడు. గది తాళం నా దగ్గరే ఉంచమని కూడా ఆయనే అన్నాడు.

ఆమె తెచ్చిన ట్యూబు అయిపోయాక ఇబ్రహీంపట్నం బస్టాండు దగ్గర మందుల షాపుకు పోయి అదే అడిగాను. ఒకటి కాదు, ఉన్నవన్నీ ఇమ్మన్నాను. షాపతను నా నెరిసిన జుట్టు చూసి నవ్వాడు. "మనుమడా, మనుమరాలా?"

"మనవరాలు," అన్నాను. అది అబద్ధమని నాకు అనిపించలేదు.

కొత్తగా చేసిన మొదటి పెట్టె పట్టుకుని రేంజికి పోయిన రోజు, ఆమె చాప పరుచుకుంటుంటే ఆపాను.

"ముందు నేను కొడతాను."

"నువ్వా? నీకు గురి లేదు గద అన్న."

"గురి అక్కర్లేదమ్మా. చెంప ఉంటే చాలు."

ఆమె నవ్వబోయి ఆగిపోయింది. పెద్దాయన వైపు చూసింది. క్లబ్బులో పనివాళ్లతో సహా అందరం తుపాకీ పట్టడం నేర్చుకున్నవాళ్లమే, ఆయన సరేనన్నాడు. నేను పడుకున్నాను. చెక్క నా చెంపకు వేడిగా తగిలింది. బోల్టు మూశాను. నా గుండె కొట్టుకోవడం చాప మీద నాకే తెలుస్తోంది. ఇన్నాళ్లూ ఆమె ఇక్కడ ఇలా పడుకుని, నా చేతిని నమ్మి కళ్లు తెరిచి ఉంచిందా అనుకున్నాను. నా కళ్లు మూసుకుపోయాయి. అలాగే ట్రిగ్గర్ నొక్కాను. మోత, భుజానికి తన్ను. గుండు ఎటు పోయిందో ఇప్పటికీ తెలియదు. గుట్టకు తగిలి ఉంటుంది.

ఆనాటి నుంచి ప్రతి కొత్త పెట్టెలో కొన్ని తూటాలు నేనే కొట్టేవాణ్ని. ఆ కొన్నీ బాగున్నంత మాత్రాన మిగతావి బాగున్నాయని లేదు, ఆ సంగతి నాకూ తెలుసు. అయినా కొట్టేవాణ్ని. మా ఆవిడకు చెప్పలేదు, భుజం మీద కమిలిన మచ్చ చూసి ఆమే కనిపెట్టింది. నూనె వేడి చేసి రాసింది. మానేయమని మళ్లీ ఎన్నడూ అనలేదు. రాత్రుళ్లు నాకు నిద్రపట్టక దొర్లుతుంటే మాత్రం లేచి మంచినీళ్లు ఇచ్చేది.

పోటీలు మా రేంజిలోనే పెట్టారు. వేరే ఊళ్ల నుంచి వచ్చినవాళ్లతో, వాళ్ల కార్లతో దుమ్ము రేగిపోయింది. ఆమె తల్లి పాపను ఎత్తుకుని వచ్చి, వ్యాను నీడలో కూర్చుంది. ఆమె వంతు వచ్చినప్పుడు నేను చూడలేకపోయాను. టీ చేసే షెడ్డు వెనక్కి పోయి, గోడకు ఆనుకుని నిలబడ్డాను. అందరి తుపాకులూ కలిసి మోగుతున్నాయి. ఏది ఆమెదో తెలియదు. అందుకని ప్రతి మోతా ఆమెదే అనుకున్నాను. ఏ రెండింటి మధ్యనైనా సందు వస్తే 'టుప్' అన్నదేమో అని చెవి రిక్కించేవాణ్ని. షెడ్డులో పాలు పొంగి, స్టవ్ చుయ్యిమంటే రేంజి వైపు రెండడుగులు వేసి ఆగాను.

అంతా ఆగిపోయాక కూడా కదల్లేదు. ఆమే వెతుక్కుంటూ వచ్చింది. చెంప మీద చెక్క ఒత్తిన ఎర్రటి చార. చెమటకు జుట్టు నుదుటికి అంటుకుని ఉంది.

"మూడో ప్లేసుల వచ్చిన అన్న," అంది. "గాలి తిరిగింది, ఆఖర్ల రెండు ఆగమైనయ్. తూటాలు మాత్రం ఒక్కటి గూడ మోసం చెయ్యలె."

నేను తల ఊపాను. ఆమె నన్ను టీ షెడ్డులోకి లాక్కుపోయి, గ్లాసు చేతిలో పెట్టి, నేను తాగేదాకా ఎదురుగా నిలబడింది. అప్పుడు పాప ఏడుపు వినబడితే వ్యాను వైపు పరుగెత్తింది.

సాయంత్రం ఇబ్రహీంపట్నంలో షేర్ ఆటో ఎక్కాను. వెనక సీట్లో ఓ మూలకు చోటు దొరికింది. మన్నెగూడ చౌరస్తా దీపాలు చూసినట్టు గుర్తు. ఆ తర్వాత ఎవరో భుజం తట్టి, "దిగు పెద్దమనిషీ, ఆఖరి స్టాపు," అన్నారు. కళ్లు తెరిచి చూస్తే ఎల్బీనగర్. తుర్కయాంజాల్ ఎప్పుడు దాటిపోయిందో తెలియలేదు. ఆ గోలలో, ఆ హారన్ల మధ్య, రోడ్డు పక్కన నిలబడి మా ఆవిడకు ఫోన్ చేసి, నిద్రపోయాను, వెనక్కి వస్తున్నాను అని చెప్పాను. "నిద్రపోయారా?" అని ఆమె రెండుసార్లు అడిగింది. నమ్మలేనట్టు.